మిలీనియం వంతెన (లండన్)

మిలీనియం వంతెన ఇంగ్లాండులోని లండన్ నగరంలో థేమ్స్ నదిపై పాదచారుల కొరకు నిర్మించిన ఉక్కు వేలాడే వంతెన. నదికి ఉత్తరాన సెయింట్ పాల్స్ కెథెడ్రల్ ఉన్న ప్రాంతాన్ని, దక్షిణాన టేట్ మోడర్న్ కళాప్రదర్శనశాల ఉన్న బ్యాంక్‌సైడ్‌ను ఇది కలుపుతుంది. 2000 జూన్ 10న ప్రారంభమైన ఈ వంతెన జనం నడచునపుడు ప్రక్కలకు ఊగినందువలన రెండు రోజులకే మూతపడినది. మరల 2002 ఫిబ్రవరి 22న తెరచుకొన్నది. లండన్ వాసులు దీనికి "వాబ్లీ బ్రిడ్జి" (ఊగే వంతెన) అని పేరు పెట్టారు.

నిర్మాణం

ఇంజనీరింగు బాధ్యతను అరప్ సంస్థ, వాస్తు రూపకల్పనను ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ, శిల్పి ఆంథొనీ కారో నిర్వహించారు. పొడవు సుమారు 325 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. స్తంభాల నడుమ గల మధ్యభాగం 144 మీటర్లు. కెథెడ్రల్ కనబడకుండా అడ్డు రాకూడదని తీగలను ఎత్తుగా కట్టక, నడకదారికి ఇరువైపులా దాదాపు బల్లపరుపుగా లాగి కట్టారు. మధ్యభాగంలో వాటి వంపు 2.3 మీటర్లు మాత్రమే. చూపులకు సన్నని రేకువలె కనబడే ఈ అందమే తరువాతి చిక్కుకు కారణమని చాలామంది అనుకొన్నారు గాని, అది నిజం కాదు.

వంతెనల సహజ కదలిక

కదలని వంతెన ఉండదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే 100 మీటర్ల ఉక్కు దూలం సుమారు 36 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే వంతెనలపై అక్కడక్కడ సందులు విడిచిపెడతారు. వాహనాలు దాటునపుడు ఆ సందుల వద్దనే టకటకమని చప్పుడు వినబడుతుంది. బరువుకు క్రిందికి వంగుట, గాలికి ప్రక్కకు జరుగుట కూడా ముందే లెక్కించబడినవే.

ప్రారంభ దినం

తొలిరోజున సుమారు 90,000 మంది వంతెనను దాటారు. ఒకే సమయంలో దానిపై 2,000 మంది వరకు ఉన్నారు. మధ్యభాగం ప్రక్కలకు 70 మిల్లీమీటర్ల వరకు ఊగినది. కొందరు కటకటాలను పట్టుకొని నిలబడ్డారు. వంతెన కూలుతుందన్న భయం ఇంజనీర్లకు లేదు. జనం తూలి పడుట, తొక్కిసలాట జరుగుట అన్నవే అసలు ప్రమాదాలు. జూన్ 12న దానిని మూసివేశారు.

కారణం

మనిషి సెకనుకు రమారమి రెండడుగులు వేస్తాడు. కుడికాలు ఒక ప్రక్కకు, ఎడమకాలు మరొక ప్రక్కకు నెట్టుట వలన ప్రక్కవాటు ఊపు సెకనుకు ఒకసారి పునరావృతమవుతుంది. ఈ వంతెన సహజ కంపనాలలో ఒకటి సరిగా అంతే. అప్పటి వంతెన నియమావళులు పైకీ క్రిందికీ కలిగే ఊపును గురించే ఎక్కువగా చెప్పేవి. నేల కొద్దిగా కదిలితే నడిచేవారు పడిపోకుండా కాళ్లు ఎడంగా వేస్తారు. దానితో నెట్టు పెరుగుతుంది, ఊపు మరింత పెరుగుతుంది. ఉత్తర భాగంలో జరిపిన పరీక్షలలో సుమారు 160 మంది వరకు నడిచినను విశేషమేమీ కనబడలేదు. మరికొందరు చేరగానే ఊపు ఒక్కసారిగా హెచ్చినది.

జనం అడుగులు వాటంతటవే ఒకే లయలోకి రావడమే దీనికి మూలమని చాలాకాలం వివరించారు. అడుగులు కలవకపోయినను, ఒక్కొక్కరు తూలకుండా ఉండుటకు చేసే ప్రయత్నమే వంతెనకు శక్తినందిస్తుందని 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన వాదించింది.

మరమ్మతు

వంతెనను బిగించి గట్టిపరచుటకు బదులు ఊపును పీల్చుకొనే 37 ద్రవ డాంపర్లను, 52 బరువు డాంపర్లను అమర్చారు. వ్యయం సుమారు 50 లక్షల పౌండ్లు. 2002 జనవరిలో సుమారు 2,000 మందిని నడిపించి పరీక్షించిన పిదప ప్రజలను అనుమతించారు.

భద్రత

ఊగడం, తెగడం వేర్వేరు సంగతులు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నదిపై వేలాడే వంతెన తెగి 135 మంది మరణించారు. మరమ్మతుల తరువాత దానిని తెరచి నాలుగు రోజులే అయినది. ప్రధాన తీగలోని 49 పోగులలో 22 తుప్పు పట్టియున్నవని దర్యాప్తులో తేలినది. 1831లో మాంచెస్టరు సమీపాన బ్రాటన్ వంతెన కవాతు చేస్తున్న సైనికుల అడుగులకు కూలినది. అక్కడ కూడా ఒక మేకు లోపభూయిష్టమైనదని తరువాత కనుగొన్నారు. ఆ సంఘటన తరువాత బ్రిటిషు సైన్యంలో వంతెనలు దాటునపుడు అడుగులు కలపరాదన్న ఆదేశం వెలువడినది. లండన్‌లోనే 1873లో తెరచిన ఆల్బర్ట్ వంతెనపై ఆ హెచ్చరిక పలక నేటికీ ఉన్నది.