టీనేజ్‌లో అధిక బరువు: తప్పంతా తిండిదేనా?

చిన్నప్పుడు బుగ్గలు గిల్లి "మాషా అల్లాహ్, ఎంత బొద్దుగా ఉన్నాడో" అన్న ఖాలానే, ఆ పిల్లాడికి పద్నాలుగేళ్లు రాగానే దావత్‌లో అందరి ముందూ "ఇంకెంత తింటావ్ రా" అంటుంది. ఈ మధ్యలో పిల్లాడి ఆకలి ఒక్కటే మారిందని అనుకుంటే పొరపాటు. నిద్ర, చదువు, ఆట, జేబులో డబ్బు అన్నీ మారాయి. బరువు లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో అధిక బరువున్నవాళ్లు 1990లో 8 శాతం ఉంటే, 2022 నాటికి 20 శాతానికి చేరారు. మన దేశంలో 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ల వాళ్లలో సుమారు 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 24 శాతం మంది వయసుకి తగ్గ బరువు లేక సన్నగా ఉన్నారు. రెండు సమస్యలూ ఒకే గల్లీలో కనిపిస్తాయి. 5 శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. టీనేజ్‌లో ఊబకాయం వచ్చినవాళ్లలో ఎక్కువమందికి పెద్దయ్యాక కూడా అది పోదు.

ముందు నిద్ర సంగతి. 13-18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదో తరగతి, ఇంటర్ పిల్లల్లో అంత నిద్రపోయేవాళ్లు ఎంతమంది? పొద్దున్నే కాలేజీ బస్సు, సాయంత్రం ట్యూషన్, ఆ తర్వాత దుప్పట్లో ఫోన్. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ తగ్గుతుంది. అర్ధరాత్రి చిప్స్ ప్యాకెట్ వెతికేది అందుకే, తిండిపోతుతనం వల్ల కాదు. పెద్దల అలవాట్లూ ఇందులో కలుస్తాయి. ఫంక్షన్ హాల్లో దస్తర్‌ఖాన్ వేసేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. బిర్యానీ, డబుల్ కా మీఠా తిని ఇంటికొచ్చి పడుకోవడమే. పెళ్లిళ్ల సీజన్‌లో ఇది వారానికి రెండు మూడుసార్లు జరుగుతుంది. రంజాన్‌లో రాత్రంతా మేలుకుని, సహరీ తిని మధ్యాహ్నం దాకా పడుకునే పిల్లలు, ఇఫ్తార్‌లో వేపుళ్లు, షర్బత్‌లతో మొదలుపెడితే ఉపవాసం నెలలోనూ బరువు పెరగొచ్చు.

ఇక ఆట. ఈ వయసువాళ్లు రోజుకి కనీసం 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 గణాంకాల ప్రకారం ప్రపంచంలో 81 శాతం మంది టీనేజర్లు అంత కదలడం లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. గ్రౌండ్ లేని కాలేజీలు, స్టడీ అవర్స్ తప్ప వేరే గంట లేని హాస్టళ్లు ఇందుకు ఒక కారణం. మన ఇళ్లలో ఇంకో కారణం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. అబ్బాయికి గల్లీ క్రికెట్ అయినా ఉంటుంది. అమ్మాయికి పన్నెండు, పదమూడేళ్లు రాగానే సైకిల్ మూలన పడుతుంది, బయటి ఆట ఆగిపోతుంది. లేడీస్ జిమ్ ఫీజు అందరూ కట్టలేరు. డాబా మీద స్కిప్పింగ్, అమ్మీతో కలిసి ఫజర్ తర్వాత వేగంగా నడక, స్కూల్లో కబడ్డీ, బ్యాడ్మింటన్‌కి పేరు ఇవ్వడం లాంటివి పర్దాకి అడ్డు రావు. వీటికి కావలసింది ఇంట్లో అనుమతి. అది రానంతకాలం "ఒళ్లు తగ్గించు" అనడం అన్యాయమే.

జేబు లెక్క కూడా చూడాలి. ఇరవై రూపాయలకి మంచి యాపిల్ ఒకటి దొరకడం కష్టం, కూల్ డ్రింక్ మాత్రం దొరుకుతుంది. 250 మి.లీ. కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవాళ్లకైనా పైనుంచి కలిపిన చక్కెర రోజుకి 25 గ్రాముల లోపే ఉంటే మేలంటున్నారు. అంటే ఒక్క సీసాతో కోటా అయిపోయినట్టే. ఆ పైన రెండు కప్పుల చాయ్, బిస్కెట్లు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలు స్కూల్ ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధనలు ఉన్నాయి. అమలు ఎలా ఉందో సాయంత్రం స్కూల్ వదిలే టైమ్‌లో గేటు ముందు నిలబడితే తెలిసిపోతుంది.

ఎగతాళి వల్ల బరువు తగ్గదు. "మోటీ" అని పిలిపించుకున్న పిల్లలు దాచుకుని తినడం, ఆటలకి దూరం కావడం, ఇంకా బరువు పెరగడం పరిశోధనల్లో కనిపించింది. అమ్మాయిలకైతే "రిష్తా ఎలా వస్తుంది" అన్న మాట అదనం. ఒక్కరికే వేరే ప్లేటు పెట్టే బదులు ఇంటిల్లిపాదికీ నూనె తగ్గించడం, ఫ్రిజ్‌లో సీసాలు పెట్టకపోవడం, రాత్రి భోజనం తొమ్మిది లోపు ముగించడం ఎక్కువ పనిచేస్తాయి. ఎదిగే వయసులో పస్తులు, యూట్యూబ్ డైట్లు, బరువు తగ్గించే పొడులు వద్దు.

ఎంత బరువు ఎక్కువో పెద్దల బీఎంఐ లెక్కతో తేలదు. వయసు, ఆడ-మగ తేడాని బట్టి పిల్లల డాక్టర్లు గ్రోత్ చార్ట్ చూసి చెబుతారు. చాలా ఇళ్లలో ముందుగా అనుమానించేది థైరాయిడ్‌నే, కానీ హార్మోన్ల జబ్బు వల్ల బరువు పెరిగేవాళ్లు కొద్దిమందే. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి అని రుద్దకండి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. గట్టి గురక, విపరీతమైన దాహం, నెలసరి తప్పడం ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి.