సత్యం కంప్యూటర్స్: 2009వ సంవత్సరము

వీపనగండ్లలో గాని వనపర్తిలో గాని చిన్న అంగడి నడుపు వర్తకునకు సయితము ఒక నియమము తెలిసియుండును. ప్రొద్దు గ్రుంకునప్పటికి గల్లాపెట్టెలోని రొక్కము పద్దు పుస్తకములోని నిలువతో సరిపోవలెను. సరిపడనినాడు తప్పు వెదకి దిద్దుకొనవలెనే కాని, లేని రొక్కమును ఉన్నట్లు వ్రాయరాదు. వ్రాసినచో మరునాటి లెక్క ఆ అబద్ధముతోనే మొదలగును. ఈ నియమమును తప్పిన ఒక మహాసంస్థకు 2009వ సంవత్సరమున ఏమి సంభవించినదో నేడు ముచ్చటించుకొందము.

బి. రామలింగరాజు 1987లో హైదరాబాదున స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఇరువది యేండ్లలో దేశములోని అగ్రశ్రేణి సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటి యయ్యెను. 2001లో న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో సయితము దాని షేర్లు ప్రవేశించెను. 2008 నాటికి అందు పనిచేయువారు సుమారు 53,000 మంది. కుమారుని ఇంజనీరింగు చదివించిన తెలుగు తండ్రికి ఆ సంస్థలో కొలువనిన కడుపు నిండిన మాట.

2008 డిసెంబరు 16న డైరెక్టర్ల బోర్డు ఒక విచిత్ర నిర్ణయము చేసెను. రాజుగారి కుటుంబమునకు చెందిన మేటాస్ అను రెండు నిర్మాణ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనవలెనని తలపెట్టెను. సత్యం అను పేరును ఆంగ్లలిపిలో వెనుకనుండి చదివిన మేటాస్ అగును. వాటాదారులు మండిపడగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము రద్దయ్యెను. లేని ఆస్తుల స్థానమున ఉన్న ఆస్తులను నిలుపుటకు అది కడపటి యత్నమని పిదప రాజుగారే వెల్లడించిరి.

2009 జనవరి 7న ఆయన బోర్డునకు ఒక లేఖ వ్రాసిరి. పుస్తకములలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు నిలువలో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీని, చూపని అప్పును, హెచ్చించి వ్రాసిన బాకీలను కలుపుకొనిన మొత్తము 7,136 కోట్లు. అంతకు ముందటి సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల లాభము 61 కోట్లు కాగా, 649 కోట్లని ప్రకటించియుండిరి. మొదట స్వల్పమైన వ్యత్యాసమే ఏటేట పెరిగినదనియు, పులినెక్కిన వానివలె దిగు దారి తెలియకపోయెననియు ఆయన చెప్పుకొనిరి. ఆనాడే షేరు ధర 179 రూపాయల నుండి 40 రూపాయలకు దిగజారెను. చేయని పనికి బిల్లులును, లేని డిపాజిట్లకు పత్రములును సృష్టింపబడినట్లు దర్యాప్తులో తేలెను.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. పద్దులు అబద్ధమే కాని, అచ్చట పగలు రేయి శ్రమించిన వేలమంది పని అబద్ధము కాదు. కేంద్ర ప్రభుత్వము పాత బోర్డును తొలగించి, కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, సి. అచ్యుతన్ గార్లను, పిమ్మట మరి ముగ్గురిని నియమించెను. వారు రావలసిన బాకీలు వసూలు చేసియు, బ్యాంకుల నుండి అప్పు తెచ్చియు జీతములు నిలిచిపోకుండ చూచిరి. ఫిబ్రవరి 5న సంస్థలోనే పెరిగిన ఎ.ఎస్. మూర్తిగారు ముఖ్యాధికారి యైరి. ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల చొప్పున పాడి టెక్ మహీంద్రా ఆ సంస్థను చేజిక్కించుకొనెను. జూనులో దాని పేరు మహీంద్రా సత్యం అయ్యెను. 2013లో ఆ పేరును టెక్ మహీంద్రాలో లీనమయ్యెను.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి, రాజుగారికి ఏడేండ్ల కారాగారశిక్ష విధించెను. అప్పీలు మీదట మే నెలలో పై న్యాయస్థానము ఆ శిక్ష అమలును నిలిపి జామీను మంజూరు చేసెను. 2013 నాటి కంపెనీల చట్టము ఆడిటర్లను నిర్ణీతకాలమునకు మార్చవలెనని శాసించుటకు ఈ ఉదంతము ఒక ప్రేరణ.

ఆ యేడు సంస్థను నిలిపినది ఎవరని ప్రశ్నించిన, కొత్త బోర్డును, కొన్నవారిని చెప్పుట న్యాయమే. కాని వచ్చే నెల జీతము వచ్చునో రాదో తెలియకయే మరునాటి ఉదయము వచ్చి తమ బల్లల ముందు కూర్చుండినవారిని మరువరాదు. గల్లాపెట్టె ఖాళీయని తెలిసిన పిమ్మటను అంగడి తెరచినవారు వారే.