టాటా కుటుంబం – కేన్సరు ఆసుపత్రులు

ముంబై నగరంలోని పరేల్ ప్రాంతంలో ఉన్న టాటా మెమోరియల్ ఆసుపత్రి భారతదేశపు ప్రముఖ కేన్సరు చికిత్సాలయము. దీనిని సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు నిర్మించి, 1941 ఫిబ్రవరి 28న ప్రారంభించింది. రక్త కేన్సరుతో మరణించిన లేడీ మెహర్‌బాయి టాటా స్మృతి ఈ ఆసుపత్రికి మూలం. తర్వాతి కాలంలో ఆసుపత్రి ప్రభుత్వ నిర్వహణ క్రిందకు వెళ్ళినా, టాటా కుటుంబపు ట్రస్టులు కేన్సరు వైద్యానికి విరాళాలివ్వడం కొనసాగింది.

నేపథ్యం

పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటా (1839–1904) పెద్ద కుమారుడు దొరాబ్జీ టాటా (1859–1932). మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేసిన హోర్ముస్జీ భాభా కుమార్తె మెహర్‌బాయిని (1879–1931) ఈయన 1898లో వివాహమాడాడు. అణుశాస్త్రవేత్త హోమీ జహంగీర్ భాభాకు ఈమె మేనత్త. ఆసుపత్రి చరిత్రలో ఈ బంధుత్వానికి తర్వాత ప్రాధాన్యం ఏర్పడింది. మెహర్‌బాయి స్త్రీవిద్య కోసం, బాల్యవివాహాల నిషేధం కోసం కృషి చేసింది. ఈ దంపతులకు సంతానం లేదు.

దొరాబ్జీ తన భార్యకు బహూకరించిన జూబిలీ వజ్రం 245 కారట్ల పైచిలుకు బరువు గలది, అనగా కోహినూరుకు రెండింతలకు పైగా పెద్దది. 1924లో జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారంలో జీతాలు చెల్లించడానికి డబ్బు లేనప్పుడు, దొరాబ్జీ ఈ వజ్రంతో సహా తన సొంత ఆస్తిని ఇంపీరియల్ బ్యాంకులో కుదువబెట్టి అప్పు తెచ్చాడు. కర్మాగారం నిలదొక్కుకున్నది, వజ్రమూ తిరిగి వచ్చింది. ఆయన మరణానంతరం దానిని విక్రయించగా వచ్చిన సొమ్ము ట్రస్టుకు చేరింది.

మెహర్‌బాయి మరణం, ట్రస్టుల స్థాపన

మెహర్‌బాయి 1931 జూన్ 18న వేల్స్ లోని ఒక వైద్యశాలలో కన్నుమూసింది. అప్పట్లో రక్త కేన్సరుకు నమ్మదగిన చికిత్స ప్రపంచంలో ఎక్కడా లేదు. రేడియం వంటి చికిత్సకు స్తోమత ఉన్నవారు విదేశాలకు వెళ్ళేవారు. లేనివారికి దాదాపు దారే లేదు. ఈ సౌకర్యాన్ని స్వదేశంలో కల్పించాలని దొరాబ్జీ భావించాడు.

1932లో ఈయన రెండు ట్రస్టులను నెలకొల్పాడు. మార్చిలో ఏర్పడిన సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు టాటా సంస్థల్లోని వాటాలతో సహా తన యావదాస్తినీ ఇచ్చివేశాడు. ఏప్రిల్‌లో ఏర్పడిన లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు రక్త కేన్సరుపై పరిశోధనకు ఉద్దేశించినది. దాని ఆదాయంలో అధిక భాగం జాతితో నిమిత్తం లేకుండా వివిధ దేశాల పరిశోధకులకు అందుతుంది. అదే సంవత్సరం జూన్ 3న దొరాబ్జీ జర్మనీలోని బాడ్ కిస్సింజెన్‌లో మరణించాడు. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో భార్య సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు. ఆసుపత్రికి పునాది పడటం ఆయన చూడలేదు.

ఆసుపత్రి నిర్మాణం

ఆసుపత్రి ఆలోచనను దొరాబ్జీ తర్వాత టాటా సంస్థల అధ్యక్షుడైన నౌరోజీ సక్లత్‌వాలా ముందుకు తీసుకెళ్ళాడు. 1938లో ఆయన కూడా మరణించగా, జె.ఆర్.డి. టాటా ఆధ్వర్యంలో పని పూర్తయింది. బొంబాయి గవర్నరు సర్ రోజర్ లమ్లీ ఆసుపత్రిని ప్రారంభించాడు. ఆనాడు దానిలో 80 పడకలు ఉండేవి. వార్షిక వ్యయం సుమారు 5 లక్షల రూపాయలు. శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ బోర్జెస్, రోగనిర్ధారణ శాస్త్రవేత్త వి.ఆర్. ఖనోల్కర్ తొలితరం వైద్యులలో ముఖ్యులు. ఆసుపత్రి ముందున్న రహదారికి బోర్జెస్ పేరు పెట్టారు.

ప్రభుత్వానికి అప్పగింత

కేన్సరు ఆసుపత్రిని నడపడం కట్టడం కంటే ఖరీదైన వ్యవహారం. కొత్త యంత్రాలు, మందులు, శిక్షణ పొందిన సిబ్బంది ఏటేటా అవసరమవుతాయి, రోగుల సంఖ్యా పెరుగుతూ ఉంటుంది. రుసుము పెంచితే పేదలు దూరమవుతారు, పెంచకపోతే ట్రస్టు నిధి కరిగిపోతుంది. 1957లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆసుపత్రి నిర్వహణను చేపట్టింది. 1962లో అది అణుశక్తి విభాగానికి బదిలీ అయింది. కేన్సరు ఆసుపత్రి అణుశక్తి విభాగం క్రింద ఉండటం మొదట వింతగా తోచవచ్చు. అయితే కేన్సరు చికిత్సలో వికిరణానికి గల పాత్రను ఆ విభాగాధిపతి హోమీ భాభా గుర్తించాడు. మేనత్త స్మృతిగా వెలసిన సంస్థ ఈ విధంగా మేనల్లుని విభాగంలోకి చేరింది. 1966లో, భాభా విమాన ప్రమాదంలో మరణించిన సంవత్సరంలోనే, ఆసుపత్రిని కేన్సరు పరిశోధనా సంస్థతో కలిపి టాటా మెమోరియల్ సెంటర్‌గా రూపొందించారు.

కుటుంబం యాజమాన్యాన్ని వదులుకున్నా పేరు మాత్రం నిలిచింది. అందుచేతనే నేటికీ చాలామంది దీనిని టాటా వారి ప్రైవేటు ఆసుపత్రిగా పొరబడతారు. ఇక్కడ పేద రోగులకు ఉచితంగా గాని, నామమాత్రపు రుసుముతో గాని చికిత్స లభిస్తుంది.

తర్వాతి తరాలు

దొరాబ్జీ తమ్ముడు సర్ రతన్ టాటాకు కూడా సంతానం లేదు. ఆయన భార్య నవాజ్‌బాయి దత్తత తీసుకున్న నవల్ టాటా కుమారుడే పారిశ్రామికవేత్త రతన్ టాటా (1937–2024). అన్నదమ్ములిద్దరి ఆస్తులూ ట్రస్టులకు చేరినందున టాటా సన్స్ సంస్థలో దాదాపు మూడింట రెండు వంతుల వాటా టాటా ట్రస్టులదే. కంపెనీల లాభాలు డివిడెండ్ల రూపంలో ట్రస్టులకు, అక్కడి నుండి ఆసుపత్రులకు చేరుతాయి.

2011లో కోల్‌కతాలో టాటా మెడికల్ సెంటర్ ప్రారంభమైంది. అస్సాం ప్రభుత్వంతో కలసి టాటా ట్రస్టులు చేపట్టిన కేన్సరు ఆసుపత్రులలో ఏడింటిని 2022 ఏప్రిల్‌లో ప్రారంభించారు. రోగి దూరనగరానికి ప్రయాణించే అవసరం లేకుండా చికిత్సను అతని జిల్లాకే తీసుకువెళ్ళడం ఈ పథకం ఉద్దేశం. ముంబైలో ఆసుపత్రి చుట్టుపక్కల కాలిబాటలపై బస చేసే రోగుల బంధువులను చూసినవారికి దీని అవసరం తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో

తిరుపతిలో టాటా ట్రస్టులకు చెందిన అలమేలు చారిటబుల్ ఫౌండేషన్, తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారంతో శ్రీ వేంకటేశ్వర కేన్సరు వైద్య పరిశోధనా సంస్థను నెలకొల్పింది. 2018లో జరిగిన శంకుస్థాపనలో రతన్ టాటా పాల్గొన్నాడు. ఆసుపత్రి 2022 మేలో ప్రారంభమైంది. విశాఖపట్నం సమీపాన అగనంపూడిలో ఉన్న హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి మాత్రం ట్రస్టులది కాదు. అది అణుశక్తి విభాగపు టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన శాఖ.