ఓడలు పోయాక వచ్చిన జనం: యానాం ప్రయాణాలపై రాయదుర్గం నుంచి ఒక పరిశీలన

ఫ్రెంచి రేవు పట్నం అనగానే మన చదువుల్లో రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి మార్సెయ్. బొంబాయిలో ఓడెక్కిన మనవాళ్ళు చాలామంది ఐరోపా నేలమీద మొదట కాలుపెట్టింది అక్కడే. అక్కడ దిగి రైలెక్కితే లండన్ చేరడానికి కొన్ని రోజులు కలిసొచ్చేవి. 1910 జులై 8న సావర్కర్ ఓడ కిటికీలోంచి నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ గట్టెక్కిందీ, 1931 సెప్టెంబరు 11న రౌండ్ టేబుల్ సమావేశానికి పోతూ గాంధీ దిగిందీ ఆ రేవులోనే. రెండోది పుదుచ్చేరి. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందులు ఇంగ్లీషు పోలీసులకు చిక్కకుండా అక్కడికి చేరారు. ఈ రెండు రేవుల గురించీ జీవిత చరిత్రలున్నాయి, స్వీయచరిత్రలున్నాయి, ఉత్తరాలున్నాయి.

మూడో రేవు మన గడ్డమీదే ఉంది, మన భాషే మాట్లాడుతుంది. గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ చీలే చోట, కాకినాడకు సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న యానాం. మార్సెయ్ చూసిన తెలుగువాళ్ళకంటే యానాం పోయివచ్చిన తెలుగువాళ్ళు ఎన్ని రెట్లు ఎక్కువో లెక్క కట్టనక్కర్లేదు. అయినా వాళ్ళ రాత మనకు మిగిలింది బహు తక్కువ. ఎందుకని? నా వాదం ఇది: యానాం పోయినవాళ్ళలో ఎక్కువమంది ఊరు చూడ్డానికి పోలేదు. ఒక చట్టం ఆగి ఇంకో చట్టం మొదలయ్యే గీతను దాటడానికి పోయారు. అలాంటి ప్రయాణం గురించి ఎవరూ పుస్తకం రాసుకోరు. కాబట్టి వాళ్ళ అనుభవాన్ని యాత్రా గ్రంథాలకంటే చట్టాల తేదీల్లో వెతకడం మేలు.

రాయదుర్గంలో కూర్చుని సముద్రపు రేవు గురించి రాయడమేమిటని అడగొచ్చు. ఈ కొండ దగ్గర్నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం రెండొందల కిలోమీటర్లకు తక్కువ లేదు. అయితే సరిహద్దంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినంతగా కోస్తాలో చాలా ఊళ్ళకు తెలియదు. రాయదుర్గం తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలుకు పోయాయి, రాయదుర్గం అనంతపురానికి వచ్చింది. అంతకు ముందు మనది ఇంగ్లీషు ఇలాకా, పక్కనున్న మొలకాల్మూరు మైసూరు సంస్థానం. ఇప్పుడు మనది ఆంధ్ర, అది కర్ణాటక. పెట్రోలు ఎటు చవకైతే బండి అటు తిరుగుతుంది. 2019 తర్వాత ఇక్కడ మద్యం ధరలు పెరిగినప్పుడు కర్ణాటక టెట్రా ప్యాకెట్లు ఏయే దారుల్లో వచ్చాయో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ రాసిపెట్టలేదు. యానాం గురించిన మౌనం అర్థం కావడానికి ఇంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది.

రేవు చరిత్రను త్వరగా చెప్పుకుందాం. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాంలో స్థావరం పెట్టారు. వ్యాపారం సాగక 1727లో వదిలేసి 1731లో మళ్ళీ వచ్చారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ చేతిలో కాన్‌ఫ్లాన్స్ ఓడిపోవడంతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి పట్టు జారింది. ఆ తర్వాత ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోవడం, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి రావడం జరిగి, నెపోలియన్ పతనం తర్వాత గాని ఫ్రెంచివాళ్ళకు నిలకడగా దక్కలేదు.

దక్కేనాటికే ఆ నీళ్ళలో లోతు తగ్గుతూ ఉంది. గోదావరి తెచ్చే ఒండ్రు కోరింగ పాయను పూడ్చుకుంటూ వచ్చింది. 1789 డిసెంబరులో ఒకటి, 1839 నవంబరు 25న ఒకటి, రెండు ఉప్పెనలు ఆ పాయ మీదున్న కోరింగ రేవును కోలుకోనివ్వలేదు. 1839లో 3 లక్షల మంది పోయారన్న అంకె ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి నడుస్తూనే ఉంది గాని, ఆ డెల్టా మూలలో అప్పుడున్న జనాన్ని తలచుకుంటే నమ్మబుద్ధి కాదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ లాభం కాకినాడకు పోయింది. ఇసుక ఒక చోటును ఎలా మింగుతుందో మా తాలూకావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఏటి ఇసుక ఆషాఢపు గాలికి లేచి చేల మీద మేటలు వేస్తుంది. గట్టున వేసిన కంచె సగానికి పూడి, పైన కొమ్మల కొసలు మాత్రం కనబడతాయి. కంచె ఎవరి పొలానిదో కొలత వేస్తే గాని తేలదు.

ఓడలున్న కాలంలో ఆ రేవు మీదుగా పోయినవాళ్ళూ యాత్రికులు కారు. 1828లో 15 మంది తెలుగు కూలీలను యానాం నుంచి హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు తీసుకుపోయారు. మారిషస్‌కు ఒప్పంద కూలీల వలస పెద్దయెత్తున మొదలైన 1834 కంటే ఇది ఆరేళ్ళు ముందు. చెరకు తోటలకు పోయిన ఆ మనుషులు ఎవరికీ ఉత్తరం రాయగలిగిన స్థితిలో లేరు. ఫ్రెంచి రేవును చూసిన తెలుగువాళ్ళలో వాళ్ళూ ఒక వర్గమే. కాని వాళ్ళకది ఎక్కి వెళ్ళిపోయిన రేవు మాత్రమే.

అలాగని రాసే చేతులకూ ఫ్రెంచి రేవులకూ సంబంధం లేదనడం తప్పు. పుదుచ్చేరిలో డూప్లే దుబాసి ఆనందరంగపిళ్ళె 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. అందులో ఓడల రాకపోకలు, సరుకులు, గవర్నరు చిరాకులు అన్నీ ఉన్నాయి. ఆయన పేరనే కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము కూర్చాడు. పోషకుణ్ణి ఆశ్రయించిన కవికి రేవు కనబడదు, పోషకుడే కనబడతాడు. లక్షణ గ్రంథంలో తెరచాపలు వెతకడం మన అత్యాశ. యానాంలోనైతే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి చిన్నతనం కొంత గడిచింది. కాని ఆయన అక్కడ కాపురమున్న ఇంటి పిల్లవాడు, పొద్దున వచ్చి సాయంత్రం పోయే మనిషి కాడు. మన రోజుల్లో బొల్లోజు బాబా ఫ్రెంచి పాలనలోని యానాం మీద చేసిన కృషి లేకపోతే ఈ మాత్రమైనా మాట్లాడుకోవడం కష్టం.

ఇక అసలు ప్రయాణికుల దగ్గరికి వద్దాం. 1929లో ఆమోదం పొందిన బాల్యవివాహ నిరోధక చట్టం, జనం నోట శారదా చట్టం, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలన్నది. మధ్యలో దొరికిన నెలల్లో దేశమంతా హడావుడిగా పందిళ్ళు లేచాయి. గడువు దాటాక పట్టుదలగల కుటుంబాలకు మిగిలిన దారి ఇంగ్లీషు ఇలాకా దాటడమే. గోదావరి జిల్లాలకు ఆ దారి యానాంలో తేలింది. ఊరికి కల్యాణపురమన్న పేరు అప్పుడే వచ్చింది.

ఆ ప్రయాణం ఎలా జరిగేదో అంచనా వేయడం కష్టం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ ప్రాంతంలో జనమూ ధాన్యమూ కాలువ పడవల్లోనే కదిలేవి. కోనసీమ నుంచి వచ్చేవాళ్ళు ఎదుర్లంక దగ్గర గౌతమిని దాటాలి. అప్పటికి వారధి లేదు. పెళ్ళంటే ఇద్దరు పిల్లలను తీసుకుపోయి తాళి కట్టించుకు రావడం కాదు గదా. పురోహితుడు, మేళం, వంటవాళ్ళు, గుండిగలు, బియ్యం బస్తాలు, అలిగే బంధువులు, వాళ్ళను బతిమాలే బంధువులు, ఇంత సరంజామా ఒక పరాయి రాజ్యంలో దిగాలి. దిగాక చూస్తే పరాయిది ఏదీ లేదు. అర్చకుడు తెలుగు, పాలవాడు తెలుగు, కచేరీ బంట్రోతు తెలుగు, మీసాల వెంకన్న గుడిలో గంట మనదే. మారింది జెండా ఒక్కటే. మార్సెయ్‌లో దిగిన విద్యార్థికి భాష, తిండి, చలి అన్నీ కొత్త. ఆ కొత్త అతనిచేత ఉత్తరాలు రాయించింది. యానాంలో దిగిన పెళ్ళివారు కొత్త దేశానికి వచ్చింది పాత పని పాతగానే జరుపుకోవడానికి. వాళ్ళకు వర్ణించడానికి ఏముంది?

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఫ్రాన్సు దేశపు సివిల్ కోడ్, 1804 నాటిది, పెళ్ళికి ఆడపిల్లకు 15, మగవాడికి 18 ఏళ్ళు నిర్ణయించింది. ఆడపిల్ల విషయంలో శారదా చట్టం అడిగినదానికంటే ఒక ఏడు ఎక్కువే. మరి ఆ జెండా కిందే బాల్యవివాహాలు ఎలా సాగాయి? ఫ్రెంచివాళ్ళు 1819లోనే తమ భారత స్థావరాల్లో స్థానికులకు వాళ్ళ కులాచారాలు, కట్టుబాట్ల ప్రకారమే న్యాయం చేస్తామని మాటిచ్చారు. 1881 ఉత్తర్వు కింద సొంత ఆచార ధర్మాన్ని వదులుకుంటున్నామని రాసిచ్చినవాళ్ళకు మాత్రమే ఫ్రెంచి కోడ్ పూర్తిగా వర్తిస్తుంది. అంటే యానాం పెళ్ళివారికి నీడనిచ్చింది ఫ్రాన్సు చట్టం కాదు, ఆ చట్టం మనవాళ్ళ జోలికి రానన్న హామీ. సంస్కరణ పేరు చెప్పిన ఇంగ్లీషు సర్కారు ఒకవైపు, స్వేచ్ఛా సమానత్వాల పేరు చెప్పిన ఫ్రెంచి సర్కారు ఒకవైపు ఉంటే, ఎనిమిదేళ్ళ పిల్ల విషయంలో రెండోదే వెనకబడింది. గోదావరి మీదే కాస్త ఎగువన, రాజమహేంద్రవరంలో, 1881 డిసెంబరు 11న వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి దాదాపు యాభై ఏళ్ళు.

శారదా చట్టం బలహీనత కూడా చెప్పాలి. మొదట్లో అది జరిగిన పెళ్ళికి శిక్ష వేయగలిగేది గాని జరగబోయేదాన్ని ఆపలేకపోయేది. ఆపమని ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టులకు 1938 సవరణలతో వచ్చింది. అయినా కుటుంబాలు అంత దూరం పడవలెక్కాయంటే భయం జరిమానాకు మించినదని నా ఉద్దేశం. చట్టం తప్పన్న పనిని ఊరి మధ్య చేయడం పరువు తక్కువ. దాన్నే సరిహద్దవతల చేస్తే పరువూ ఆచారమూ రెండూ దక్కుతాయి. ఆ పడవల్లో మన చరిత్రకు అన్నిటికంటే అవసరమైన సాక్షి పెళ్ళికూతురు. ఆమెను ఎవరూ అడగలేదు.

మిగిలిన ప్రయాణాలు ఇదే దారి తొక్కాయి. యానాం మంగళవారం సంతకు చుట్టుపక్కల ఇంగ్లీషు ఇలాకా జనం వచ్చి సుంకం తక్కువ పడిన సీమ సరుకు కొనుక్కుపోయేవాళ్ళు. 1941లో ఫ్రెంచి ఇండియాకూ బ్రిటిష్ ఇండియాకూ సుంకాల ఒప్పందం కుదిరింది, 1949లో అది రద్దయి చౌకీలు గట్టిపడ్డాయి. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. రాయదుర్గంలో కల్లు దుకాణాలు మూతపడ్డ ఆ కాలంలో యానాంలో తెరిచే ఉన్నాయి. ఒక్కో చట్టం ఒక్కో రకం ప్రయాణికుణ్ణి పుట్టించింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపిన దళం యానాంను విముక్తం చేసింది. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికి వచ్చింది, న్యాయపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న ముగిసింది. విలీనంతో గీత చెరగాలి. చెరగలేదు. యానాం గోదావరి జిల్లాల్లో కలవకుండా వందల కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరితోనే ఉండిపోయింది, అక్కడి ఎక్సైజు పన్నులతో సహా. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు, 1997లో అది పోయేదాకా, సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఆ ముక్కకు దారి మళ్ళీ రద్దీ అయింది. ఇప్పటికీ ఎదుర్లంక వారధి పక్కన మోటారు సైకిలు ఆపి, సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా తువ్వాలు చుట్టి డిక్కీలో సర్దుకునే మనుషులు కనబడతారు. ఎదురుగా ఈఫిల్ టవరును తలపించేలా కట్టిన గోపురం నిలబడి ఉంటుంది. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు, ఫొటోలూ దిగుతారు. ఫ్రెంచి యానాం అంటూ పర్యాటక శాఖలు అమ్మేది ఆ గోపురాన్ని గాని, ఊరికి జనాన్ని రప్పించిన అసలు ఫ్రెంచి వారసత్వం డిక్కీలో ఉంది.

ఈ వాదానికి రాయదుర్గం వైపు నుంచే ఒక పరీక్ష పెట్టవచ్చు. శారదా చట్టానికి 35 ఏళ్ళ ముందే, 1894లో, మైసూరు సంస్థానం ఒక నిబంధన తెచ్చింది. 8 ఏళ్ళలోపు ఆడపిల్లకు పెళ్ళి చేయడం, 14 ఏళ్ళలోపు పిల్లను 50 దాటినవాడికి కట్టబెట్టడం నేరమన్నది. ఆనాటికి బళ్ళారి జిల్లాలో పెళ్ళిని ఆపే అలాంటి చట్టం లేదు. అంటే 1930 దాకా మొలకాల్మూరు కుటుంబానికి చట్టపు చాటు రాయదుర్గం. 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం ఇటు వర్తించి సంస్థానంలో వర్తించలేదు గనుక, చాటు ఇటునుంచి అటు మారింది. ఒకే బండిబాట మీద ఒక తేదీతో దిక్కు తిరిగిపోయింది. ఇక్కడ దాటడానికి నది లేదు, రెండూళ్ళ మధ్య ఇరవై కిలోమీటర్లు మించవు. యానాంకు కల్యాణపురమని పేరు పడి, ఈ గీతకు ఏ పేరూ పడకపోవడానికి కారణం అవతలివాడు మైసూరు మహారాజు కావడమే అనుకుంటాను. ఫ్రెంచి జెండా కిందికి పోతే విదేశం, మైసూరుకు పోతే మేనత్తగారి ఊరు. ఈ రెండూళ్ళ మధ్య సంబంధాలు కలుపుకోవడం ఎన్నడూ ఆగలేదు. రెండువైపులా ఇళ్ళల్లో పెట్టెల అడుగున పసుపు మరకలతో ఉండే పాత లగ్నపత్రికల్లో వివాహస్థలమనే వరసను 1894కూ 1930కీ అటూ ఇటూ పోల్చి చదివితే, ఈ దారి ఏ ఏడు ఎటు నడిచిందో తేలుతుంది.