బుర్రతో ఆడిన అసాహీ

కెనడాలో పాతికేళ్లకు పైగా ఓ వెలుగు వెలిగి, ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో చెల్లాచెదురైన బేస్‌బాల్ జట్టు కథ

1914 మే 23న 376 మంది భారతీయులతో కొమగటమారు ఓడ కెనడాలోని వాంకూవర్ రేవుకు చేరింది. కొద్దిమందిని తప్ప ఎవరినీ ఒడ్డున దిగనివ్వలేదు. రెండు నెలలు నీళ్లమీదే నిలబెట్టి జులై 23న వెనక్కి పంపేశారు. ఇది మన చరిత్ర పాఠాల్లో చదువుకున్నదే. అదే ఏడాది, అదే ఊళ్లో పుట్టిన ఒక బేస్‌బాల్ జట్టు సంగతి మాత్రం మనదాకా రాలేదు. పావెల్ వీధిలో స్థిరపడిన జపాన్ కుటుంబాల కుర్రాళ్లు కట్టిన ఆ జట్టు పేరు అసాహీ.

అప్పటి వాంకూవర్‌లో ఆసియావాళ్లంటే తెల్లవాళ్లకు గిట్టేది కాదు. 1907 సెప్టెంబరులో ఒక మూక చైనావాళ్ల పేట మీద పడి దుకాణాల అద్దాలు పగలగొట్టింది. అక్కడి నుంచి పావెల్ వీధికి వస్తే జపాన్‌వాళ్లు కర్రలూ సీసాలూ పట్టుకుని ఎదురు నిలిచారు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వాళ్లకు ఓటు లేదు. అక్కడే పుట్టిన పిల్లలకూ లేదు. ఓటర్ల జాబితాలో పేరు లేనివాడు లాయరు కాలేడు, ఫార్మసిస్టూ కాలేడు. మిగిలినవి సామిల్లు పని, చేపల వేట, చిన్నాచితకా వ్యాపారాలు.

అసాహీలో ఎవరికీ జీతాల్లేవు. పగలంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి సాయంత్రం పావెల్ వీధి మైదానానికి వచ్చి ఆడేవారు. వీధి వీధంతా చూడ్డానికి కదిలొచ్చేది.

పొట్టివాళ్ల ఎత్తుగడ

ప్రత్యర్థులైన తెల్లవాళ్ల జట్లలో ఆజానుబాహులుండేవారు. కొడితే బంతి ఎక్కడో పడేది. అసాహీ ఆటగాళ్లలో ఎక్కువమంది పొట్టిగా, సన్నగా ఉండేవారు. కండబలంతో ప్రత్యర్థులను ఓడించలేమని 1922లో మేనేజరుగా వచ్చిన హ్యారీ మియసాకీ తేల్చేశాడు. బాదడం పక్కనపెట్టి వేగం, ఫీల్డింగ్, ‘బంట్’ నేర్పించాడు. ఈ పద్ధతికే ‘బ్రెయిన్ బాల్’ అని పేరొచ్చింది.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మూడో బేస్ దగ్గర అసాహీ ఆటగాడొకడు కాచుకుని ఉంటాడు. అవతలి పిచర్ బంతి విసరబోతుండగానే అతను పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ వైపు దూసుకొస్తాడు. బ్యాటర్ బ్యాటు ఊపడు. అడ్డంగా పట్టుకుని బంతికి ఊరికే ఆనిస్తాడు. బంట్ అంటే ఇదే. బంతి నాలుగడుగులు దొర్లి మట్టిలో ఆగిపోతుంది. పిచర్ పరుగున వచ్చి, వంగి, దాన్ని చేతిలోకి తీసుకునే లోపు పరుగు వచ్చేసి ఉంటుంది. క్రికెట్‌లో బంతిని కాళ్ల దగ్గరే చంపేసి దొంగ సింగిల్ తీయడం లాంటిదే ఇదీ. కాకపోతే అసాహీవాళ్లు దీన్ని ఎప్పుడో ఒకసారి కాదు, మ్యాచ్ మ్యాచ్‌కీ చేసేవారు.

ఒక్క హిట్ కూడా (బంతిని కొట్టి బ్యాటర్ క్షేమంగా బేస్ చేరడం) లేకుండా వాళ్లు 3-1 తేడాతో గెలిచిన మ్యాచ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. హిట్ లేకుండా పరుగులు రావాలంటే పిచర్ గురితప్పి ఉచితంగా బేస్ ఇవ్వాలి, రన్నర్లు సందు చూసి బేసులు దొంగిలించాలి, ఫీల్డర్లు కంగారులో బంతిని తప్పుగా విసరాలి. ఎదుటివాళ్లను కంగారు పెట్టడమే అసాహీ విద్య. రెండో, మూడో బేసుల మధ్య కాచే షార్ట్‌స్టాప్ స్థానంలో రాయ్ యమమురా కాళ్ల కదలిక చూసి జనం అతన్ని ‘డ్యాన్సింగ్ షార్ట్‌స్టాప్’ అనేవారు.

అంపైరు అన్యాయం చేసినా గొడవకు దిగకూడదన్నది జట్టు కట్టుబాటు. 1926లో అసాహీ వాంకూవర్‌లోని టెర్మినల్ లీగ్ గెలిచింది. 1930, 1933లలో మళ్లీ గెలిచింది. 1926 నాటికే తెల్ల ప్రేక్షకులు కూడా పావెల్ వీధికి వచ్చి చప్పట్లు కొట్టడం మొదలైంది. 1937 నుంచి 1941 దాకా వాయవ్య పసిఫిక్ ప్రాంత జపాన్ జట్ల పోటీలో వరసగా ఐదేళ్లు కప్పు వాళ్లదే.

ఒక్క ఉత్తర్వుతో

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. మరుసటి ఏడాది, పశ్చిమ తీరానికి 160 కిలోమీటర్ల లోపు జపాన్ సంతతివాళ్లెవరూ ఉండకూడదని కెనడా ప్రభుత్వం ఆదేశించింది. దాదాపు 22 వేల మందిని తరలించారు. వాళ్లలో ఎక్కువమంది కెనడాలోనే పుట్టినవాళ్లు. పడవలు, ఇళ్లు, దుకాణాలు స్వాధీనం చేసుకుని, యజమానుల అనుమతి లేకుండా అమ్మేశారు. ఆటగాళ్లు తలో శిబిరానికి చేరారు. అసాహీ ఆ తర్వాత మళ్లీ ఒక జట్టుగా మైదానంలోకి దిగలేదు.

ఆట మాత్రం ఆగలేదు. 1939లో జట్టులో చేరిన కే కమినిషి కుటుంబం ఈస్ట్ లిల్లూయెట్ శిబిరానికి వెళ్లింది. శిబిరంవాళ్లు నది దాటి లిల్లూయెట్ ఊళ్లోకి రావడానికి వీల్లేదు. మాకూ ఊరివాళ్లకూ మ్యాచ్ పెట్టించమని కమినిషి అక్కడి పోలీసు అధికారిని అడిగాడు. మ్యాచ్ జరిగాక రెండు వైపులా బిగుసుకున్న మనసులు సడలాయి. శిబిరంవాళ్లు ఊళ్లో అడుగుపెట్టగలిగారు.

యుద్ధం 1945లో ముగిసినా తీరానికి తిరిగొచ్చే స్వేచ్ఛ 1949 దాకా దక్కలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1988లో. 2003లో అసాహీకి కెనడా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. 2014లో జపాన్‌లో వీళ్ల మీద సినిమా వచ్చింది, 2019లో కెనడా తపాలా బిళ్ల వేసింది. జట్టులో చివరిదాకా మిగిలిన కమినిషి 2024లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

క్రీడలు మనుషుల్ని కలుపుతాయని ప్రతి సభలోనూ వింటుంటాం. లిల్లూయెట్‌లో అది నిజమే అయింది. వాంకూవర్‌లో పదిహేనేళ్లు మోగిన చప్పట్లు మాత్రం ఒక్క ఇంటిని కూడా కాపాడలేకపోయాయి. జనం అభిమానాన్ని ఆటతో సంపాదించుకోవచ్చు. ఇల్లూ వాకిలీ నిలబడాలంటే చట్టంలో హక్కు ఉండాలి. అసాహీ ఆటగాళ్లకు మొదటిది 1926 నాటికే దక్కింది. బ్రిటిష్ కొలంబియాలో ఓటు హక్కు చేతికొచ్చింది 1949లో.