పిల్లికి జబ్బేంటో తేలనప్పుడు ఇంట్లో వాళ్లు చేయాల్సిన పనులు

పిల్లి మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. మంచం కింద దూరి పిలిచినా రావడం లేదు. వెట్ దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్ష, ఎక్స్‌రే చేశారు. వందల డాలర్ల బిల్లు చేతికొచ్చింది కానీ జబ్బు పేరు మాత్రం రాలేదు. "రిపోర్టులు బాగానే ఉన్నాయి, గమనిస్తూ ఉండండి" అన్నారు. గమనించడమంటే ఏం గమనించాలి? ఈలోగా ఏం పెట్టాలి? ఇంకా ఎంత ఖర్చు పెట్టాలి? అమెరికాలో పిల్లిని పెంచుకుంటున్న తెలుగు ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్నలివి.

ముందు ఒక మాట. జబ్బు పేరు తేలలేదంటే డాక్టర్‌కి పని రాదని కాదు. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. పైగా కిడ్నీ జబ్బైనా, పాంక్రియాస్ వాపైనా, పేగుల్లో లింఫోమా అయినా, చివరికి పన్ను నొప్పైనా బయటికి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. తినదు, బరువు తగ్గుతుంది, వాంతులు చేసుకుంటుంది, దాక్కుంటుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీల పనితనం దాదాపు ముప్పాతిక వంతు పోయి ఉంటుంది. మామూలు పేగుల వాపునూ, పేగుల లింఫోమానూ స్కానింగ్‌లో చూసి వేరు చేయడం కష్టం. దానికి బయాప్సీ కావాలి. అందుకే మొదటి విజిట్‌లో పేరు తేలకపోవడం మామూలే. పేరు తేలేదాకా పిల్లిని నిలబెట్టాల్సింది మాత్రం ఇంట్లో వాళ్లే.

లంఖణం పరమౌషధం పిల్లికి కాదు

మనకు ఒంట్లో బాగోలేకపోతే ఒకపూట మానేయమంటారు పెద్దవాళ్లు. పిల్లి విషయంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుంటుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అసలు జబ్బు చిన్నదే అయినా, తినకపోవడం వల్ల వచ్చిన ఈ రెండో జబ్బు చంపేయగలదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే వెట్‌కి ఫోన్ చేయాలి. సోమవారం దాకా చూద్దాం అనుకోకండి.

తినిపించడానికి కొన్ని మార్గాలున్నాయి. పిల్లి వాసన చూసి తింటుంది కాబట్టి క్యాన్ ఫుడ్‌ని గోరువెచ్చగా చేసి పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి ఏమీ లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, ఆ నీళ్లు కొంచెం పెట్టి చూడండి. ఒకేసారి గిన్నె నిండా కాకుండా చెంచాడు చెంచాడుగా, రోజుకు ఆరేడుసార్లు పెట్టండి. తిండి చూసి పెదాలు నాక్కుంటూ మొహం తిప్పుకుంటోందంటే వికారంగా ఉందని అర్థం. అప్పుడు సిరంజితో బలవంతంగా పోస్తే ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. వికారం తగ్గే మందు, ఆకలి పుట్టించే మందు వెట్‌ని అడగండి. చెవి లోపలి వైపు చర్మానికి రాసే మిర్టాజపిన్ ఆయింట్‌మెంట్‌కి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మాత్ర మింగించడం రాని ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

ఇవేవీ పనిచేయకపోతే మెడ పక్క నుంచి అన్నవాహికలోకి ఫీడింగ్ ట్యూబ్ వేస్తామంటారు. వినగానే చాలామంది "అంత హింస ఎందుకండీ" అని వెనక్కి తగ్గుతారు. చూడటానికి భయంగా ఉంటుంది కానీ, జబ్బేంటో తెలియని పిల్లికి ఇంతకన్నా దయగల పని తక్కువే. తిండి, నీళ్లు, మందులు అన్నీ ఆ గొట్టంలోనే పోస్తారు. రోజూ నోరు తెరిపించే యుద్ధం ఉండదు. పిల్లి నోటితో తినడం మొదలుపెట్టాక తీసేస్తారు. పరీక్షలకు కావలసిన రెండు మూడు వారాల టైమ్‌ని ఈ ట్యూబ్ కొనిస్తుంది.

గమనించడమంటే రాసిపెట్టడం

"ఈమధ్య కొంచెం తగ్గింది డాక్టర్" అంటే వెట్‌కి ఏమీ తెలియదు. "మూడు వారాల్లో 10 పౌండ్ల నుంచి 9 పౌండ్లకు వచ్చింది" అంటే వెంటనే చెవులు రిక్కిస్తారు. పదికి ఒక పౌండు అంటే 150 పౌండ్ల మనిషి 15 పౌండ్లు తగ్గినట్టు. చంటిపిల్లల్ని తూచే స్కేల్ ఉంటే మంచిది. లేదంటే ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే చేతి త్రాసు ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉంటుంది కదా, పిల్లిని క్యారియర్‌లో పెట్టి తూచి, ఖాళీ క్యారియర్ బరువు తీసేయండి. వారానికి ఒకసారి, ఒకే త్రాసు మీద తూచాలి.

రోజూ రాయాల్సింది తక్కువే. ఎంత తింది, లిట్టర్ బాక్స్‌లో మూత్రం ఉండలు ఎన్ని, ఎంత పెద్దవి, విరేచనం ఎలా ఉంది, వాంతి అయితే ఎప్పుడు, ఏం పడింది. గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో కూడా లెక్కపెట్టండి. 30 కన్నా తక్కువ ఉండాలి. రోజురోజుకీ పెరుగుతూ 30 దాటితే గుండె, ఊపిరితిత్తుల వైపు చూడాలి. జ్వరం చేత్తో తాకి చెప్పలేం. పిల్లి మామూలు ఉష్ణోగ్రతే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్.

వింతగా దగ్గినా, తూలినా, వణికినా ఫోన్‌లో వీడియో తీయండి. వెట్ ముందు అది ఎలాగూ బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. నొప్పి తెలుసుకోవడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఫిలైన్ గ్రిమేస్ స్కేల్ అని ఒకటి ప్రచురించారు. చెవులు పక్కలకు వాలడం, కళ్లు చిట్లించడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా అవడం, తల భుజాల కన్నా కిందికి దించడం, ఈ అయిదూ చూసి మార్కులు వేస్తారు. ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. పెద్దవాళ్ల కన్నా బాగా చేస్తారు.

మన వంటింట్లో, మందుల డబ్బాలో ఉన్నవి

పేరు తెలియని జబ్బు కొన్నిసార్లు ఇంట్లోనే పుడుతుంది. వెట్ అమెరికన్ ఇంటిని ఊహించుకుని ప్రశ్నలు అడుగుతారు. మన ఇంట్లో ఏముంటాయో మనమే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు డోలో, క్రోసిన్, ఇక్కడి టైలెనాల్. మూడూ పారాసెటమాలే. ఆ మందుని విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్ర చాలు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చి చిగుళ్లు నీలంగా, గోధుమ రంగుగా మారిపోతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ జాలిపడి "ఒళ్లు కాలుతోంది, సగం మాత్ర వేద్దాం" అనకముందే ఈ సంగతి ఆవిడకు చెప్పి ఉంచండి. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. కర్పూరం, అమృతాంజనం, జండూబామ్, యూకలిప్టస్ నూనె పిల్లికి రాయకూడదు, మీ చేతికి రాసుకుని పిల్లిని నిమరకూడదు. అది ఒంటిని నాక్కుంటుంది, అంతా కడుపులోకే పోతుంది.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, వండినవైనా, పొడి రూపంలో ఉన్నా ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కూర కలిపిన అన్నం రోజూ కొంచెం పెడుతుంటే కారణం తెలియని రక్తహీనతలా బయటపడుతుంది. ఇక బొకేల్లో వచ్చే లిల్లీ పూలు. పుప్పొడి ఒంటి మీద రాలి నాక్కున్నా, కుండీలో నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. పిల్లి ఉన్న ఇంట్లో అవి ఉండనే కూడదు. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ ఉన్న గోమార్ల మందు కూడా అంతే. అనుమానం వస్తే ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ నంబరు 888-426-4435, రాత్రీ పగలూ పలుకుతారు, ఫీజు తీసుకుంటారు.

శాకాహారుల ఇళ్లకు ఇంకో విషయం. పెరుగన్నం, పాలతో పిల్లి బతకదు. టౌరిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది. అది తక్కువైతే గుండె కండరం సాగిపోతుందనీ, టౌరిన్ ఇస్తే కోలుకుంటుందనీ 1987లో యూసీ డేవిస్ పరిశోధకులు తేల్చారు. కంటిచూపు కూడా పోతుంది. మనం మాంసం ముట్టకపోయినా పిల్లికి క్యాన్ ఫుడ్ తెరవక తప్పదు. అలాగని పచ్చి మాంసం, కాచని పాలు కూడా వద్దు. 2024లో టెక్సాస్ డెయిరీల్లో బర్డ్ ఫ్లూ సోకిన ఆవుల పచ్చి పాలు తాగి పిల్లులు చనిపోయాయి.

తర్వాతి పరీక్ష చేయించాలా?

వెట్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ పరీక్షలో ఏమొచ్చినా మీరు ఇచ్చే చికిత్స మారుతుందా?" మారుతుందంటే చేయించండి. మారదంటే ఆ డబ్బు ట్యూబ్‌కో, మందులకో దాచండి. మొహమాటపడకుండా తక్కువ, ఎక్కువ అంచనాలు రెండూ కాగితం మీద రాసివ్వమనండి. ఇక్కడ అది మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ పరీక్ష, మూత్ర పరీక్ష అయ్యాయో లేదో చూసుకోండి. తర్వాత పొట్ట అల్ట్రాసౌండ్. అక్కడా తేలకపోతే ఇంటర్నల్ మెడిసిన్ స్పెషలిస్ట్ దగ్గరికి రిఫరల్ అడగండి. యూసీ డేవిస్, కార్నెల్, టెక్సాస్ ఏ అండ్ ఎం, నార్త్ కరోలినా స్టేట్ లాంటి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో అన్ని విభాగాలూ ఒకేచోట ఉంటాయి. పాత రిపోర్టులన్నీ ముందే ఈమెయిల్ చేయించండి, లేకపోతే అవే పరీక్షలు మళ్లీ చేస్తారు.

స్టెరాయిడ్ విషయంలో జాగ్రత్త. "ఒకసారి వేసి చూద్దాం" అన్నప్పుడు, దానివల్ల తర్వాత బయాప్సీలో లింఫోమా దొరక్కుండా పోతుందేమో అడిగి ఒప్పుకోండి. పరీక్షలకు డబ్బు లేనప్పుడు అలా వేసి చూడటం కూడా న్యాయమైన దారే, కాకపోతే తెలిసి వేయించాలి.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. జబ్బు పేరు తేలకపోయినా, లక్షణం వెట్ రికార్డులో పడితే చాలు, తర్వాత తీసుకున్న పాలసీకి అది పాత జబ్బే. పిల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

పేరు దొరికాక మందూ దొరికిన జబ్బు

రెండేళ్ల లోపు పిల్లికి యాంటీబయాటిక్స్‌కి లొంగని జ్వరం, పెరగకపోవడం, పొట్టలో నీరు చేరడం ఉంటే ఎఫ్ఐపీ గురించి అడగండి. పిల్లుల్లో మామూలుగా ఉండే కరోనావైరస్ మార్పు చెంది వచ్చే జబ్బిది. కోవిడ్‌తో సంబంధం లేదు, మనుషులకు అంటదు. దీన్ని ఒక్క పరీక్షతో ఖాయం చేయలేరు. ఒకప్పుడు ఇది వచ్చిందంటే దాదాపు చావే. 2019లో యూసీ డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందుని 31 పిల్లులకు ఇస్తే 25 బతికి బయటపడ్డాయి. అయినా ఏళ్ల తరబడి అమెరికాలో చట్టబద్ధంగా దొరకలేదు. జనం ఫేస్‌బుక్ గ్రూపుల్లో వెతికి, లేబుల్ లేని సీసాలు కొనుక్కుని ఇంట్లోనే ఇంజెక్షన్లు వేసుకున్నారు. 2024 జూన్ నుంచి వెట్ ప్రిస్క్రిప్షన్ మీద కాంపౌండింగ్ ఫార్మసీ ద్వారా వస్తోంది. బ్రిటన్‌లో 2021 నుంచే ఉంది. సాధారణంగా 84 రోజులు వాడతారు. పాత సమాచారం చదివి "దీనికి మందు లేదట" అని ఆశ వదులుకోకండి.

రాత్రైనా ఆగకూడనివి

నోరు తెరిచి ఆయాసపడటం, చిగుళ్లు తెల్లగా లేక నీలంగా మారడం, వెనక కాళ్లు హఠాత్తుగా పడిపోయి చల్లబడటం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో పదేపదే కూర్చుని ముక్కుతోంది, చుక్క రావడం లేదంటే మలబద్ధకం అనుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు.

ఇండియా ప్రయాణం, ఇంకో కష్టమైన నిర్ణయం

టికెట్లు కొన్నాక పిల్లికి జబ్బు చేయడం మనకు కొత్త కాదు. చూసుకునే స్నేహితులకు తాళాలతో పాటు ఒక ఉత్తరం ఇవ్వండి. చికిత్స చేయించే అధికారం వాళ్లకు ఉందనీ, ఇంత మొత్తం వరకు అడగక్కర్లేదనీ, మీరు ఫోన్‌లో దొరక్కపోతే ఏం చేయాలో రాయండి. మీ కార్డు వివరాలు వెట్ దగ్గర నమోదు చేయండి. హైదరాబాద్‌లో అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే నిద్రమత్తులో నిర్ణయాలు తీసుకునే అవస్థ తప్పుతుంది.

కొన్నిసార్లు ఎంత చేసినా కోలుకోదు. యూథనేషియా మాట ఎత్తగానే మన ఇళ్లలో "ప్రాణం తీయడానికి మనమెవరం" అనే మాట వస్తుంది. ఆ బాధను తోసిపారేయలేం. ఊపిరాడక పోయే ప్రాణాన్ని చూస్తూ కూర్చోవడం కూడా ఒక నిర్ణయమేనని మాత్రం ఇంట్లో మాట్లాడుకోవాలి. డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ తయారుచేసిన కొలమానం ఇక్కడ పనికొస్తుంది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజుల కన్నా మంచిరోజులు ఎక్కువున్నాయా అని ఏడు అంశాలకు పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చు. ఇంట్లో ఒక్కొక్కరు విడివిడిగా వేసి పోల్చుకోండి. ముందు మత్తు ఇస్తారు, తర్వాతే ఇంజెక్షన్. ఇంటికే వచ్చి చేసే వెట్‌లు చాలా ఊళ్లలో ఉన్నారు.

పేరు తేలకుండానే పోయిన పిల్లికి పోస్ట్‌మార్టమ్ చేయించవచ్చు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే అది అవసరం కూడా. రాష్ట్ర వెటర్నరీ ల్యాబ్‌లు, వెటర్నరీ కాలేజీలు చేస్తాయి. ఆ నిర్ణయం ఆలస్యం చేయకూడదు, శరీరాన్ని చల్లగా ఉంచాలి కానీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకడితే కణజాలం పరీక్షకు పనికిరాదు.