చీటీ రాని రాత్రి

పామర్రులో గుడివాడ రోడ్డు మీద రైస్ మిల్లు. డిసెంబరు రాత్రి. కాటా మీద ధాన్యం ట్రాక్టరు, దాని వెనక గేటు దాటి రోడ్డు దాకా ఇంకా ట్రాక్టర్లు. మంచు దిగుతోంది. తేమ 17 శాతం దాటితే మద్దతు ధర దగ్గర పేచీ. అందుకే రైతులు పట్టాలు బిగించి కడుతున్నారు. మీరు ఆఫీసు గదిలో సర్వరు ముందున్నారు. కాటా బరువు చూపిస్తోంది, చీటీ మాత్రం రావడం లేదు. తెర మీద ‘సేవ్ కాలేదు’ అని తప్ప ఇంకో మాట లేదు.

“రీస్టార్ట్ కొట్టెయ్ బాబూ, అదే సర్దుకుంటుంది,” అంటారు గుమాస్తా గారు.

“కాసేపాగండి బాబాయ్. ఇప్పుడు ఆపితే లోపల ఏం జరుగుతోందో చూసే వీలుండదు. రేపు రాత్రి మళ్లీ ఇదే గోల.”

సర్వర్లో ఉబుంటు 22.04, చీటీలు సేవ్ అయ్యే డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 14. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సర్వీసు ఏం రాసిందో జర్నల్‌సీటీఎల్‌లో చూస్తారు. పొద్దున మొదలైంది, ముగిసింది, అంతే. స్టేటస్ అడిగితే ‘యాక్టివ్’, పక్కనే ‘ఎగ్జిటెడ్’. లాగింగ్ ఆగిపోయిందనుకుని చాలామంది కాన్ఫిగ్ ఫైలు కెలికేది ఇక్కడే. మీరు కెలకొద్దు. డెబియన్, ఉబుంటుల్లో ఒకే మెషీన్ మీద చాలా క్లస్టర్లు, అంటే విడివిడి డేటాబేసు సర్వర్లు, నడవొచ్చు. ఈ సర్వీసు వాటన్నిటినీ కలిపి లేపడానికి, ఆపడానికి పెట్టిన పేరు మాత్రమే. తనంతట తాను ఏ పనీ చెయ్యదు. అసలు డేటాబేసు వెర్షను, క్లస్టరు పేరు కలిసిన వేరే సర్వీసుగా నడుస్తోంది. అది లాగును జర్నల్‌కు కాకుండా సొంత ఫైలుకు రాసుకుంటోంది.

పీజీ ఎల్ఎస్‌క్లస్టర్స్ అని కొడతారు. వెర్షను, పోర్టు, డేటా ఫోల్డరు, వరస చివర లాగ్ ఫైలు దారి! సుడోతో తెరుస్తారు. సాయంత్రం నుంచీ ఒకటే ఫేటల్ సందేశం: మిగిలిన కనెక్షన్లు సూపర్‌యూజర్ల కోసం ఆపి ఉంచినవి.

సెట్టింగు మార్చకపోతే మొత్తం కనెక్షన్లు 100. వాటిలో 3 సూపర్‌యూజర్‌కి. ఆ మూడింటిలో ఒకదాని మీదే మీరు లోపలికి వెళ్లి పీజీ స్టాట్ యాక్టివిటీ చూస్తారు. కాటా ప్రోగ్రాము చీటీకొక కనెక్షను తెరిచి, ఒక్కటీ మూయలేదు. అన్నీ ఖాళీగా వేలాడుతున్నాయి. వాటిని తెంచగానే ప్రింటరు కదులుతుంది.

“వచ్చిందండీ!” బయట రైతు కేక.

ప్రోగ్రామును రాసినవాళ్లే సరిచెయ్యాలి. ఆ లాగ్ ఫైల్లోని వరసలు టైముతో సహా వాళ్లకు పంపుతారు. మిల్లయినా, సొసైటీ అయినా, మీ దగ్గర డేటాబేసు నడుస్తుంటే దాని లాగ్ ఫైలు ఎక్కడుందో సీజను మొదలవకముందే కనుక్కుని, సర్వరు పక్కన గోడ మీద రాసి పెట్టండి.